మా ముత్తాత గారి మిలిటరీ సర్వీసు: రెండు మెడల్సు, ఒక చిరిగిన కాగితం ఉన్నాయి, ఇంకేం తెలుసుకోవచ్చు?

కాలువగట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఇంటిని ఇప్పటికీ సుబేదారు గారిల్లు అనే అంటారు, మా నాన్నగారి తాతగారు మిలిటరీలో చేసి పింఛను మీద ఊరొచ్చి చాలా ఏళ్లు బతికారు. ఆయన పేరు, ఊరి పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఏమనుకోకండి. ఇంట్లో మిగిలినవి రెండు మెడల్సు, ఫ్రేము కట్టిన ఒక ఫోటో, ఫోటో కిందే అదే ఫ్రేములో అతికించిన ఒక ఇంగ్లీషు కాగితం, అది సగం చిరిగిపోయింది. మిగతా కాగితాలు ట్రంకుపెట్టెలో ఉండేవంట, ఎనభై ఆరు వరదల్లో పెట్టె మొత్తం నానిపోయి ముద్దయిపోతే కాలవలో పారేశారు.

కథలు మాత్రం బోల్డున్నాయండి. ఫ్రాన్సులో జర్మనీ వాళ్లతో కొట్లాడారని, లండన్ తీసుకెళ్లి రాజుగారే స్వయంగా మెడల్ గుచ్చారని మా పెదనాన్నగారు చెప్తారు, ఆయనకి ఎనభై దాటాయి, చిన్నప్పుడు ముత్తాతగారిని చూసిన మనిషి ఇప్పుడు ఆయనొక్కరే. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైటులో వెతికా, లేరు. కాగితం మీద జిల్లా కిస్ట్నా, అంటే కృష్ణా, అని ఉంది, మనది పశ్చిమగోదావరి కదా, అందుకని మా నాన్నగారు అది వేరే ఎవరిదో కాగితం, ఫోటో అందంగా కనపడాలని ఫ్రేము కట్టినోడు ఏదో పెట్టేశాడు అంటారు. దీంట్లోంచి ఏమైనా తీయొచ్చా?

పూతరేకు:
ఫ్రేము కట్టేవాడు ఎక్కడో కృష్ణా జిల్లా మిలిటరీ కాగితం తెచ్చి మీ ఫోటో కింద అతికిస్తాడా అండి, అంత ఓపిక ఎవడికుంటుంది 😀 జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడగండి, లేకపోతే ఒక ఆర్‌టీఐ పడేయండి.

తంబి_రిటైర్డ్:
కాలువగట్టు గారూ, నేను ఆర్మీలో 24 ఏళ్లు చేశానండి. ముందు ఆర్‌టీఐ వద్దు. నంబరు లేకుండా ఉత్తి పేరు, ఊరు రాసి పంపితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మెడల్ అంచు చూడండి, చుట్టూ ఉండే మందం మీద సన్నటి అక్షరాలు ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం మెడల్సుకి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ అన్నీ అంచు మీద కొట్టి ఇచ్చేవారు. చింతపండు పెట్టి తోమొద్దు, బ్రాసో అసలే వద్దు, పొడిగుడ్డతో తుడిచి ఎండలో పక్కకి వంచి చూడండి. రిబ్బను రంగులు చెప్పండి. ఫోటోలో తలమీద ఏముందో కూడా చెప్పండి, తలపాగానా, టోపీనా.

పాతకాగితం:
కాగితం గురించి ఒక మాట. మీ నాన్నగారిని తొందరపడొద్దని చెప్పండి. ఆ కిస్ట్నా అనే మాటే ఆ కాగితం మీదేనని చెప్తోంది. 1904లో గోదావరి జిల్లా నుంచి ఏలూరు, యర్నగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు తీసి కృష్ణాలో కలిపారు, నరసాపురం తాలూకాలో ఒక్క నగరం లంకని మాత్రం గోదావరిలోనే ఉంచేశారు. మళ్లీ 1925లో కృష్ణాని విడగొడితే పశ్చిమగోదావరి వచ్చింది, మిగిలిన పాత గోదావరి తూర్పుగోదావరి అయ్యింది. పాలకొల్లు అప్పుడు నరసాపురం తాలూకాలోది. అంటే 1904కి 1925కి మధ్య ఆర్మీలో చేరిన మీ ఊరివాడెవడైనా కిస్ట్నా జిల్లావాడే, చేరినప్పుడు రాసిన అడ్రసే చివరిదాకా కాగితాల్లో నడిచేది. తాలూకా పేరు ఏముందో చూడండి.

కాలువగట్టు:
అయ్యబాబోయ్. తాలూకా నర్సాపూర్ అనే ఉందండి, ఊరి పేరు స్పెల్లింగ్ వంకరగా ఉంది గానీ మా ఊరే. తండ్రి పేరు కూడా మా వంశంలో ఉన్న పేరే. ఇన్నేళ్ల నుంచి గోడకి వేలాడుతున్న కాగితాన్ని మాది కాదనుకుంటున్నాం చూడండి.

మెడల్సు: ఒకటి ఇత్తడి రంగులో ఉంది, రెక్కలున్న ఆడమనిషి బొమ్మ, రిబ్బను ఇంద్రధనుస్సు రంగులు. రెండోది వెండిది, ఒకపక్క రాజు తల, ఇంకోపక్క కొండలు, కోట, కింద ఇండియా అని ఉంది, రిబ్బను ఆకుపచ్చ మధ్యలో నీలం, పైన అడ్డంగా ఒక పట్టీ, దానిమీద వజీరిస్తాన్ 1921–24 అని ఉంది. ఇత్తడిదాని అంచు మీద ఒక నంబరు, తర్వాత సాపర్ అని పొట్టిగా, ఆయన పేరు, 2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం. అని ఉంది. ఇంటిపేరు లేదు. వెండిదానిమీద అదే నంబరు, కాని నాయక్ అని ఉంది. ఫోటోలో తలమీద గుండ్రంగా, నిటారుగా ఉన్న టోపీ, కుంచం బోర్లించినట్టుంది.

తంబి_రిటైర్డ్:
ఆ టోపీ చదవగానే కుర్చీలోంచి లేచానండి. దాన్ని మేం దుప్టా అంటాం. మీ ముత్తాతగారు మా వాళ్లే! 2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం. అంటే సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. ఒకటి బెంగాల్ సాపర్లు, రెండు మద్రాస్, మూడు బాంబే. రెండో నంబరే ఇప్పుడు బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గరున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, పొట్టిగా ఎంఈజీ. నేనూ అక్కడే ట్రైనింగ్ అయ్యా.

సాపర్ అంటే తుపాకీ పట్టుకుని నించునే పని ఒక్కటే కాదండి. బ్రిడ్జిలు కట్టాలి, రోడ్లు వెయ్యాలి, కందకాలు తవ్వాలి, ఎదుటివాడు కాలుస్తుంటే నది మీద పడవలు వరసకట్టి దానిమీద పలకలు పరిచి సైన్యాన్ని దాటించాలి. మన కాలవగట్టు కుర్రాళ్లకి పడవ, గెడ, తాడు కొత్తేం కాదుగా.

మీ రెండు మెడల్సే ఆయన సర్వీసులో సగం చెప్పేస్తున్నాయి. ఇత్తడిది విక్టరీ మెడల్, మొదటి యుద్ధంలో బయటదేశం వెళ్లినవాళ్లది, అప్పటికి ఆయన మామూలు సాపర్. వెండిది 1908 నాటి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్, వజీరిస్తాన్ అంటే ఇప్పటి పాకిస్తాన్‌లో అఫ్గాన్ బోర్డరు కొండలు, అప్పటికి నాయక్ అయ్యారు. నంబరు ఒకటే కాబట్టి మనిషి ఒకరే, అనుమానం లేదు. కాని విక్టరీ మెడల్‌కి జోడీగా బ్రిటిష్ వార్ మెడల్ అని వెండిది ఇంకోటి వచ్చేది, గుర్రం మీద మనిషి బొమ్మ ఉంటుంది. అదేమైంది?

కాలువగట్టు:
పెదనాన్నగారిని అడిగా. ఆయన నవ్వి, అది మీ మేనత్త కాళ్లకుందిరా అన్నారు 😀 ముత్తాతగారు పోయాక ముత్తవ్వగారు కంసాలిని ఇంటికే పిలిపించి ఆ వెండి బిళ్ల కరిగించి మా మేనత్తకి కాలిపట్టీలు చేయించారంట. గుర్రం బొమ్మ ఆయనకి బాగా గుర్తుంది, కరిగించొద్దని ఏడిచాడంట. కోట బొమ్మది అప్పటికే ఫ్రేములో ఉంది కాబట్టి బతికింది.

నక్షత్రంలా ఉండే మెడల్ ఏదైనా ఉండేదా అని నెట్‌లో చూసి అడిగా, అలాంటిది ఎప్పుడూ చూళ్లేదన్నారు.

పాతకాగితం:
మంచి ప్రశ్నే అడిగారు. 1914–15 స్టార్ అనేది కంచుది, కరిగిస్తే ఏమీ రాదు, అందుకని ఇళ్లల్లో అదే ఎక్కువగా మిగులుతుంది. అది లేదు, చూసినవాళ్లూ లేరు అంటే ఆయన యుద్ధరంగానికి వెళ్లింది 1916లోనో ఆ తర్వాతో అయ్యే అవకాశం ఎక్కువ. ఇంక ఫ్రాన్సు కథ. 1914లో ఫ్రాన్సు వెళ్లిన లాహోర్, మీరట్ డివిజన్లలో ఉన్న సాపర్ కంపెనీలు బాంబే వాళ్లవి, బెంగాల్ వాళ్లవి. మద్రాస్ వాళ్లు ఎక్కువగా పనిచేసింది మెసపటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్. కాబట్టి ఆయన అక్కడి బస్రా వెళ్లారు అన్నవాళ్లెవరైనా మీ ఊళ్లో ఉంటే వాళ్ల మాటకే విలువివ్వండి. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ అనే మలుపు దగ్గర టైగ్రిస్ నది దాటడంలో మద్రాస్ సాపర్లు ఉన్నారు, పడవలు తొయ్యడం, వంతెన వెయ్యడం అంతా తూటాల కిందే, ఆ తర్వాత మార్చి 11న బాగ్దాద్ పట్టుకున్నారు. మీ ముత్తాతగారు ఆ రోజు అక్కడున్నారని మాత్రం నేను అనను, కంపెనీ నంబరు దొరకాలి. అది దొరికితే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 అనే సిరీస్‌లో కంపెనీల వార్ డైరీలు ఉన్నాయి, ఏ రోజు ఎక్కడున్నారో తెలుస్తుంది. వాటిలో పేర్లు ఆఫీసర్లవే ఉంటాయి, సిపాయిలైతే ఇంతమంది పోయారు, ఇంతమందికి దెబ్బలు అని అంకె వేసి ఊరుకుంటారు.

వార్ గ్రేవ్స్ సైటులో లేరని బెంగపడకండి, అది యుద్ధంలో పోయినవాళ్లకే. ఇంటికొచ్చి పింఛను తిన్నవాళ్లు అందులో ఉండరు. పంజాబు వాళ్లకి ఊరూరా ఎవరు చేరారో రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దొరికి ఆన్‌లైన్లో కూడా పెట్టారు, 3 లక్షల పైచిలుకు పేర్లు. మనకి ఆ అదృష్టం లేదు, ఇంట్లో అంచులు చూసుకోవాల్సిందే.

లంకమ్మాయి:
అన్నయ్యగారూ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కోనసీమ, పాతకాగితం గారు చెప్పిన నగరం లంక వైపే. మా నాయనమ్మ వాళ్ల అన్న రెండో యుద్ధంలో బర్మాలో పోయారు, ఆయన పేరు ఆ సైటులోనే దొరికింది, రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో రంగూన్ మెమోరియల్ ఉంది, సమాధి దొరకని దాదాపు 27 వేలమంది పేర్లు స్తంభాల మీద చెక్కారు, అందులో ఉన్నారు. కాని మేం మామూలుగా రాసే స్పెల్లింగుతో వెతికితే చచ్చినా రాలేదండి, చివర వై బదులు ఐ, మధ్యలో డబ్బుల్యూ, ఇంటిపేరు లేదు. చివరికి తండ్రి పేరు, ఊరి పేరుతో పట్టుకున్నాం. మా వాళ్లది చర్చి కుటుంబం, పెళ్లి రిజిస్టరులో ఆయన పని దగ్గర సోల్జర్ అని రాసి ఉండబట్టి అసలు వెతకడం మొదలుపెట్టాం. చర్చి కుటుంబాలవాళ్లు ఎవరైనా ఉంటే మీ పాస్టరు గారిని అడిగి ఆ పాత పుస్తకాలు ఒకసారి చూడండి, తొంభై ఆరు తుఫానులో మా చర్చి కప్పు లేచిపోయినా బీరువాలో ఉన్న పుస్తకాలు బతికాయి.

మాధవరం_బాబాయ్:
మిలిటరీ మాట వచ్చాక మా ఊరు రాకుండా ఎలాగండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని చెప్పుకుంటాం, స్తూపం కూడా ఉంది, ఎప్పుడైనా రండి. మా దగ్గర సుబేదార్లు, జమేదార్లు గల్లీకొకరు, అందుకే అడుగుతున్నా, మీ నాయక్ గారు సుబేదారు ఎప్పుడయ్యారు? 1924కి నాయక్ అంటే ఆ పైన హవల్దారు, జమేదారు, అప్పుడు సుబేదారు. అంత తేలిక కాదు. కాగితం మీద ఏ ర్యాంకు ఉంది?

కాలువగట్టు:
హవల్దార్ అని ఉందండి. మొత్తం సర్వీసు 21 ఏళ్లు. తేదీలున్న పక్క చిరిగింది. చేరిన ఏడు మాత్రం 1912 అని కనపడుతోంది.

పూతరేకు:
అయితే సుబేదారు అనేది ఊరిచ్చిన ప్రమోషను. మా ఊళ్లో కాంపౌండర్ గారు చచ్చేదాకా డాక్టర్ గారే.

కాలువగట్టు:
పెదనాన్నగారికి ఇదంతా చెప్పా, చెప్పకుండా ఉండాల్సిందేమో. ఫ్రాన్సు కాదన్నా ఊరుకున్నారు, రాజుగారు కాదన్నా ఊరుకున్నారు, సుబేదారు కాదు హవల్దారు అన్నానో లేదో తువ్వాలు దులిపి భుజానేసుకుని లోపలికెళ్లిపోయారు. మర్నాడు ఫోన్ చేసి, ఒరే, పెన్షన్‌లో వచ్చేటప్పుడు సుబేదారు ఇచ్చుంటారు, నీ కాగితం సగమే కదా అన్నారు.

తంబి_రిటైర్డ్:
పెద్దాయన్ని నొప్పించకండి. హవల్దారు తక్కువేం కాదు, ఇంగ్లీషు చదువు అంతంతమాత్రంగా ఉన్న పల్లెటూరి కుర్రాడు ఆ రోజుల్లో 21 ఏళ్లలో చొక్కా చేతి మీద హవల్దారు మూడు పట్టీలు కుట్టించుకున్నాడంటే ఎంత పనోడో నాకు తెలుసు. ఆయనన్నట్టు రిటైరయ్యేటప్పుడు గౌరవంగా పై ర్యాంకు ఏదైనా ఇచ్చి ఉంటే, అదైనా కాగితంలో కనపడాలి.

ఇప్పుడు బెంగళూరు ఎంఈజీ రికార్డ్స్‌కి ఉత్తరం రాయండి. నంబరు, ర్యాంకు, మెడల్ మీద ఉన్న స్పెల్లింగ్‌తోనే పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా నర్సాపూర్, జిల్లా కిస్ట్నా, పక్కనే ఇప్పటి జిల్లా. మీకు ఆయన ఏమవుతారో చూపించే కాగితం ఏదైనా జత చెయ్యండి. షీట్ రోల్, అంటే ఆయన ఒక్కరి సర్వీసు వివరాలున్న కాగితం, ఉంటే నకలు, లేకపోతే లాంగ్ రోల్‌లో, అంటే అందరి పేర్లూ వరసగా ఉండే పెద్ద రిజిస్టరులో, ఉన్న వివరాలు ఇమ్మని అడగండి. పింఛను లేకుండా వెళ్లిపోయినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటితే నాశనం చేసేస్తారు, లాంగ్ రోల్ మాత్రం ఉంచుతారు, ఒక్కో మనిషికి ఒక్క వరుస. మీవారు పింఛనుదారు కాబట్టి ఆశపెట్టుకోవచ్చు.

ఇంకోటి. ఆ ఫ్రేములో కాగితం వెనకవైపు చూశారా? డిశ్చార్జి కాగితాలు రెండువైపులా ఉంటాయి.

పాతకాగితం:
వెనక చూడాలంటే ముందు నేను చెప్పింది వినండి. తడి చెయ్యొద్దు, ఆవిరి పట్టొద్దు. అట్టకి గంజితో అంటించి ఉంటారు, బలవంతంగా లాగితే ఉన్న సగం కూడా పోతుంది. ముందు ముందువైపు ఫోటోలు తీసుకోండి, చీకటి గదిలో సెల్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి తీస్తే వెలిసిపోయిన సిరా, నొక్కి రాసిన గీతలు పైకి తేలతాయి.

ఆయన పోయిన తేదీ తెలుసా? ఊరి మరణాల రిజిస్టరులో దొరికితే అది కూడా పనికొస్తుంది.

కాలువగట్టు:
తేదీ తెలీదండి, తిథి తెలుసు. విజయ నామ సంవత్సరం మాఘ బహుళ చవితి. తద్దినం ఇప్పటికీ పెడతాం. విజయ అంటే 1953 కదా, ఆ ఏడు రిజిస్టరు చూపించమని అడిగితే లేదన్నారు.

పాతకాగితం:
విజయ మొదలైంది 1953 ఉగాదికి. మాఘం ఏడాది చివర్లో కదా వచ్చేది, అప్పటికి ఇంగ్లీషు లెక్కలో 1954 ఫిబ్రవరి. 1954 పుస్తకం అడగండి. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మాఘం, ఫాల్గుణం తిథులకి ఒక ఏడు కలుపుకోవాలి, పుష్యం తిథులకి కూడా చాలాసార్లు.

మాధవరం_బాబాయ్:
పొలం కాగితాలు కూడా చూడండి. పింఛను డబ్బుతో ఏదో అర ఎకరమైనా కొనుంటారు, దస్తావేజులో పేరు పక్కన వృత్తి రాసేవారు, మిలిటరీ పింఛనుదారు ఫలానా అని. ఈసీ, అంటే ఆ భూమి ఎవరెవరి చేతులు మారిందో చూపించే సర్టిఫికెట్, ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తిరగేయించాలి.

కాలువగట్టు:
కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఒకటి, 1954 పుస్తకంలో దొరికారు. వయసు అరవై, కారణం జ్వరం.

రెండు, మా నాన్నగారి దగ్గర పాత దస్తావేజు ఉంది, 1936లో ముప్పై సెంట్లు కొన్నది. అందులో తెలుగులో శుభ్రంగా మిలిటరీ పించను హవల్దారు అనే ఉంది. పెదనాన్నగారికి చూపించా. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, రాసినోడికి తెలీక రాసుంటాడు అన్నారు. ఇంక ఆ గొడవ నేను వదిలేశా, ఇల్లు సుబేదారు గారిల్లే.

మూడు, ఫ్రేము. వెనక మేకులు తుప్పు పట్టి చేత్తో పట్టుకుంటేనే రాలిపోయాయి. అట్ట మీద ఒక మూల చెద తినేసింది గాని కాగితం దాకా రాలేదు, నాలుగు మూలల్లోనే గంజి పెట్టారు కాబట్టి మధ్యలో ఊడే ఉంది, మెల్లగా ఒంచి కింద ఫోను పెట్టి ఫోటో తీశా. వెనకవైపు వారసులు అని ఒక గడి ఉంది. అందులో భార్య అని ఒక పేరు. ఆ పేరు మా ముత్తవ్వది కాదు. ఆ పేరు మీద గీత కొట్టి పక్కన చనిపోయింది, 1918 అని ఇంగ్లీషులో పొట్టిగా రాసి ఏదో సంతకం. దాని కింద వేరే సిరాతో మా ముత్తవ్వ పేరు, 1921.

ఆయనకి అంతకుముందు ఒక పెళ్లి అయ్యిందన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పెదనాన్నగారు కూడా తెలీదన్నారు. మా అమ్మ మాత్రం ఒకటి చెప్పింది. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు మా ఇంట్లో ఒక చీర, రవికెలగుడ్డ, పసుపు కుంకుమ విడిగా పెడతారు, పేరంటాలుకి, అంటే ముత్తయిదువగా పోయిన ఆవిడకి అంటారు, ఎవరని అడిగితే ఇంటి పేరంటాలు అంతే, అత్తగారు పెట్టేవారు కాబట్టి నేనూ పెడుతున్నా అంటుంది. మా నాయనమ్మకి వాళ్ల అత్తగారు, అంటే ఆ రెండో ఆవిడే, చెప్పి పెట్టించేవారంట.

లంకమ్మాయి:
అన్నయ్యగారూ, ఆవిడే కదా?

పాతకాగితం:
అయ్యుంటుంది, కాని రూఢి చేసుకోవచ్చు. 1918 చివర్లో విషజ్వరం, అదే ఇన్‌ఫ్లుయెంజా, దేశమంతా లక్షలమందిని తీసుకెళ్లింది. దానివల్లే అని ఇప్పుడే అనుకోవద్దు, పురుడు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఊరి రిజిస్టర్లు అంత పాతవి దొరకడం కష్టమే గాని అడగండి. సంవత్సరం పేరు 1918 ఉగాది దాకా పింగళ, తర్వాత కాళయుక్తి. మీ పురోహితుల కుటుంబం ఆ కాలం నుంచి వాళ్లే అయితే వాళ్ల తిథుల పుస్తకంలో ఈ రెండేళ్లూ చూడమనండి. ఆవిడ పుట్టింటి ఊరు తెలిస్తే ఇంకా మంచిది.

తంబి_రిటైర్డ్:
ఇంకోటి గమనించండి. కాగితంలో ఆవిడ పోయినట్టు రాశారంటే ఊరి నుంచి కబురు యూనిట్ దాకా వెళ్లిందన్నమాట. షీట్ రోల్ దొరికితే అందులో సెలవల వివరాలు, పెళ్లి, పిల్లల వివరాలు ఉండొచ్చు. బెంగళూరు ఉత్తరంలో ఆ మొదటి భార్య పేరు కూడా రాసి పంపండి, అదే మనిషని వాళ్లకీ తేలిగ్గా తేలుతుంది.

కాలువగట్టు:
మొన్న సోమవారమే రిజిస్టర్ పోస్టులో పంపేశానండి, మొదటి భార్య పేరు కూడా రాశా. పురోహితుడు గారి అబ్బాయి హైదరాబాదులో ఉంటున్నారు, వాళ్ల తాతగారి పుస్తకాలు అటక మీద ఉన్నాయంట, దసరాకి ఊరొచ్చినప్పుడు దింపుతా అన్నారు. పెదనాన్నగారు ఇప్పుడు రోజూ ఫోన్ చేసి బెంగళూరు నుంచి ఏమైనా వచ్చిందా అని అడుగుతున్నారు, ఆవిడ పేరు స్పెల్లింగ్ సరిగ్గా రాశావా అని కూడా అడిగారు.

పూతరేకు:
కాలువగట్టు గారూ, మా అమ్మమ్మ వాళ్లింట్లో కూడా ఒక బిళ్ల ఉందండోయ్, బీరువా తాళంచెవికి కట్టుంటుంది, ఇన్నాళ్లూ ఏదో స్కూలు ప్రైజ్ అనుకున్నాం. అంచు మీద అక్షరాలు ఉన్నాయి. రేపు అమలాపురం వెళ్తున్నా, ఫోటో తీసి పెడతా, తంబి గారు కాస్త చూసి చెప్పాలి.

తంబి_రిటైర్డ్:
పెట్టండి. తోమొద్దు.